రేపెంతట?

ఆ ఎండాకాలం మా ఇంట్లో వాతావరణం విషయంలో ముగ్గురిదీ మూడు దారులు. మా నాన్న రేడియోను నమ్మేవాడు. నేను ఫోన్‌ను నమ్మేదాన్ని. మా ఆయన రెండింటినీ కొట్టిపారేసేవాడు. ఆయన నమ్మేది చొక్కా జేబులో పెన్నులా పెట్టుకు తిరిగే తన థర్మామీటరును ఒక్కదాన్నే. పొడుగాటి తీగ, దాని కొసన సన్నటి మొన, ఇటు చివర అంకెలు చూపించే చిన్న డబ్బా. ఏసీలు బాగుచేసే మనిషి కదా, ఆ మొన ఎక్కడ పెడితే అక్కడి వేడే నిజం, మిగతావన్నీ కబుర్లు.

నేను ఫోన్ చూసేది భయంతో కాదు, వ్యాపారం కోసం. రిపేరు కావాలని చేసేవాళ్ల ఫోన్లన్నీ ఎత్తేది నేనే. ఎండ నలభై రెండు దాటిందంటే నాకు ఫోన్ కింద పెట్టే తీరిక ఉండదు. అందుకని రేపు నలభై నాలుగు అని కనిపిస్తే, ఉన్న మాట చెబుతున్నా, లోలోపల సంతోషపడేదాన్ని. అదే అంకె చదివి వినిపిస్తే మా నాన్న ముఖం వాడిపోయేది. ఆయన లెక్క వేరు. ఆయనకు డాబా మీద తేనెటీగల పెట్టె ఉంది.

ఒకటంటే ఒకటే. ఒకప్పుడు నాలుగు ఉండేవి. ఒకదాన్ని చీమలు పాడుచేశాయి. ఇంకోదాంట్లోని ఈగలు చెప్పాపెట్టకుండా లేచిపోయాయి. మూడోది కిందటి ఎండాకాలంలో పోయింది. లోపలి మైనం మెత్తబడి, బరువుకు తేనెపట్టు జారి కూలి, ఈగలన్నీ తాము కూడబెట్టిన తేనెలోనే మునిగి చచ్చిపోయాయి. ఆ రోజు మా నాన్న మెతుకు ముట్టలేదు. ఈ నాలుగోది కూడా పోతే ఇక ఈగల జోలికి పోనని, వల టోపీతో సహా అన్నీ పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానని చెప్పేశాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఇంటికొచ్చిన మనిషికి పొద్దున్నే మంచం దిగడానికి ఆ పెట్టె ఒక్కటే కారణం. అదీ లేకపోతే ఈయన ఏ మూల కూర్చుని గోడ చూస్తూ ఉంటాడోనని నాకు గుండెల్లో గుబులు.

సరిగ్గా అలాంటప్పుడే ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. శుక్లం తీసి అద్దం పెట్టారు. ఎండలోకి పోకూడదు, దుమ్ము తగలకూడదు, వంగకూడదు, కంట్లో నీటి చుక్క పడకూడదు అన్నాడు డాక్టరు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కింద గదిలో ఏసీ కింద కూర్చోవడమే ఆయన పని. ఆ ఏసీ కూడా ఆయన అడిగింది కాదు. వద్దు వద్దంటుంటే మా ఆయన బలవంతంగా బిగించింది.

అక్కడికే వస్తున్నాను. మా నాన్న ఎవరికీ స్టీరింగు ఇవ్వడు. ఇంకొకరు నడిపే బండి ఎక్కితే ఆయన కాళ్లు లేని బ్రేకును తొక్కుతూనే ఉంటాయి. రాత్రంతా ప్రయాణమైనా సరే, డ్రైవరు వీపును అలా చూస్తూ కూర్చుంటాడే తప్ప కునుకు తీయడు. నేను పుట్టి ఇన్నేళ్లైంది, ఇంకొకరు నడిపే బండిలో ఆయన నిద్రపోవడం నేను చూడలేదు. మా ఆయనను అల్లుడుగా చేసుకుని పదేళ్లు దాటినా, ఒక మేకు కొట్టిపెట్టమని అడిగిన పాపాన పోలేదు. అడగడని మా ఆయన బాధ. పైకి చెప్పడు కానీ నాకు తెలియదా.

ఆ సాయంత్రం ఫోన్‌లో వాతావరణం మ్యాపు తెరిస్తే, మూడు రోజులుగా నారింజ రంగులో ఉన్న మా ఊరు ఎర్రగా మారింది. రేపు నలభై ఆరు, వడగాలులు, పని ఉంటే తప్ప గడప దాటొద్దు అని రాసుంది. రేడియోలోనూ అదే చెప్పారు. మొట్టమొదటిసారి రెండూ ఒక మాట మీదికి వచ్చాయి, అందుకే నాకు భయమేసింది. మా నాన్న రేడియో కట్టేశాడు. తర్వాత అల్లుణ్ణి పిలవమన్నాడు.

మా ఆయన తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"రేపు పైన నువ్వే చూడాలి అల్లుడూ. ఏమీ చెయ్యొద్దు. పెట్టె పక్కనున్న తొట్టిలో నీళ్లు మాత్రం అయిపోనివ్వకు. అంతే."

మా ఆయన తల ఊపాడు. మెట్లు ఎక్కేటప్పుడు చూశాను, మనిషి నేల మీద లేడు. కానీ ఏమీ చెయ్యొద్దన్న మాట ఒక్కటి ఆయన చెవిన వేసుకోలేదు. ఏసీ మెకానిక్‌కు ఎండాకాలం నడిమధ్య ఏమీ చెయ్యకుండా ఉండమని చెబితే ఎలా ఉంటాడు?

మర్నాడు పొద్దున నేనూ ఆయనా డాబా ఎక్కేసరికి ఈగలు సగానికి సగం పెట్టె బయటే ఉన్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని, పెట్టె వాకిట్లో గుబురు గడ్డంలా వేలాడుతున్నాయి. ఎండ ఇంకా ముదరనే లేదు. మా ఆయన ముఖంలో రంగు పోయింది. ఇల్లు వదిలి బయటికొచ్చేశాయంటే లోపల ఎంత ఉడికిపోతోందో, ఇక వీటిని ఇలా వదిలేస్తే మధ్యాహ్నానికి పుట్టి మునుగుతుందని అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటికి వెళ్లినా ముందు ఏసీ మూత తీయడు. జేబులోంచి పలచటి కాగితం ముక్క తీసి కిటికీ సందుల దగ్గర, తలుపు అంచుల దగ్గర పట్టుకుంటాడు. కాగితం కదిలిందా, ఇక ఆ ఇంటివాళ్ల పని అయిపోయినట్టే. ఇంత సందు పెట్టుకుని చల్లగా లేదని నన్ను పిలుస్తారా అని క్లాసు పీకి, టేపు వేసి, ఆ తర్వాతే మిషను ముట్టుకుంటాడు. చల్లదనం కావాలంటే ముందు తలుపులు వెయ్యాలి. పాతికేళ్ల వయసు నుంచి ఆయన ఊరంతా చెబుతూ వస్తున్న మాట అది.

పెట్టెకు కూడా అదే చేశాడు. మా నాన్న వల టోపీ తగిలించుకుని, గొట్టాలకు చుట్టే నల్లటి స్పాంజి తెచ్చి పెట్టె చుట్టూ చుట్టాడు. మూత కింద మా నాన్న ఎప్పుడో రెండు పుల్లలు అడ్డంపెట్టి సన్నటి సందు వదిలిపెట్టాడు. ఆ పుల్లలు తీసేసి, మూత బిగించి, వెండి టేపు అంటించాడు. ముందున్న వాకిలి మరీ బార్లా ఉందని చెక్క ముక్క అడ్డంపెట్టి, రెండు ఈగలు పట్టేంత మాత్రం వదిలాడు. మూత మీద ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెట్టి పైన కప్పేశాడు. థర్మామీటరు మొన లోపలికి దూర్చి, తీగను మెట్ల గది దాకా లాగి, అంకెల డబ్బా చేతిలో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

మొదట ముప్పై ఏడు చూపించిన డబ్బా కాసేపటికి ముప్పై నాలుగు చూపించింది. మా ఆయన దాన్ని నా ముఖం ముందు పెట్టి, చూశావా అన్నట్టు కళ్లెగరేశాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నేనూ మురిసిపోయాను. కిందికెళ్లి మా నాన్నకు ముప్పై నాలుగని చెప్పాను. ఆయన అంకె పట్టించుకోలేదు. తొట్టిలో నీళ్లు ఎంతవరకు దిగాయని అడిగాడు.

పోయి చూశాను. తొట్టి నిండుగా ఉంది. ఈగలు దిగడానికని మా నాన్న వేసిన గులకరాళ్ల మీద రెండో మూడో కూర్చున్నాయి. అదే చెప్పాను, నిండుగానే ఉందని, దిగులు లేదని.

"నిండుగానా?" అన్నాడు. మళ్లీ, "ఇంత ఎండలో నిండుగా ఉందా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఈలోపు ఫోన్లు మొదలయ్యాయి. ఒకరికి గాలి రావడం లేదు, ఒకరికి నీళ్లు కారుతున్నాయి, ఇంకొకాయనకు మిషను పులిలా గాండ్రిస్తోంది. అందరికీ సాయంత్రం వస్తారని చెప్పి చెప్పి నాలుక పిడచకట్టుకుపోయింది. మా ఆయన మెట్టు మీద నుంచి లేస్తే కదా.

ఒంటిగంట వేళ కరెంటు పోయింది. మా ఇంట్లోనే అనుకున్నాను. కాదు, వీధి వీధంతా ఒక్కసారి నోరు మూసుకుంది. అప్పటిదాకా గోడ గోడకూ మోగుతున్న ఏసీల హోరు ఆగిపోయేసరికి, అది అంత గట్టిగా ఉండేదని అప్పుడే తెలిసింది. బయట వడగాలి ఈల వేస్తోంది. రోడ్డు మీద పురుగు లేదు.

నేను దుప్పట్లు తడిపి మా నాన్న గది కిటికీకి కట్టాను. వేడిగాలి రాకుండా తలుపు బిగించాను. మొదట హాయిగానే ఉంది. పది నిమిషాలకు గది ఉక్కపోసి, గోడలు చెమటలు పట్టి, ఊపిరి ఆడడం మానేసింది. మా నాన్న బనీను పిండితే చెంబెడు నీళ్లు వచ్చేలా ఉంది. అప్పుడు మా ఆయన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. చేతిలో డబ్బా ఉంది. నలభై ఒకటి. సీసాల్లో మంచు ఎప్పుడో కరిగిపోయిందట. మార్చాలంటే ఫ్రిజ్ ఆగిపోయింది. అంకె ఎక్కుతోందే కాని దిగడం లేదు.

మా నాన్నకు అదేమీ కనిపించలేదు. ఆయన విసుగంతా నా మీదే.

"ఆవిరి పట్టినట్టుందే అమ్మాయ్. తడిగుడ్డ కట్టి తలుపు మూస్తే ఎలా? వచ్చిన గాలి పోవద్దూ?"

మా ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. కిటికీకి కట్టిన దుప్పటి వంక చూశాడు, మూసిన తలుపు వంక చూశాడు. ఆ మనిషి కూలర్లు వాడేవాళ్లను చూసి నవ్వేవాడు. గడ్డి తడిపి ఫ్యాను పెట్టి, కిటికీలన్నీ బార్లా తెరిచి పెట్టుకునేది కూడా ఒక మిషనేనా అనేవాడు.

"ఆ పెట్టె ఏసీ కాదు," అన్నాడు నెమ్మదిగా. "కూలరు. ఈగలకు నీళ్లు మోసుకుపోయే దారి లేకుండా చేశాను. గాలి పోయే సందూ మూసేశాను."

ఏం చేశావని మా నాన్న అడిగాడు. మా ఆయన దాచలేదు. స్పాంజి, టేపు, పుల్లలు, చెక్క ముక్క, అన్నీ వరుసగా చెప్పాడు. మా నాన్న మంచం దిగి, గోడ పట్టుకుని, సరాసరి మెట్ల వైపు నడిచాడు. నేను అడ్డం పడ్డాను. కన్ను పోతుంది నాన్నా అన్నాను. పోతే పోయిందన్నాడు. రెండు చేతులతో నన్ను పక్కకు నెట్టాడు. కిందటేడు తేనెలో మునిగిన ఈగలను గరిటెతో తీసి పారబోసిన చేతులవి.

మా ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మీరు రావొద్దు మామయ్యా. మూసింది నేను. నేనే తీస్తాను." ఆ గొంతులో బతిమాలడం లేదు. మా నాన్న అక్కడే ఆగిపోయాడు. తర్వాత మెల్లిగా మెట్ల కింద స్టూలు మీద కూలబడ్డాడు.

డాబా మీద కాలు పెడితే చెప్పు అడుగు అంటుకుంటోంది. గాలి ముఖాన కొడుతుంటే తెరిచిన పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. మా ఆయన టోపీ కూడా పెట్టుకోలేదు. టేపు చర్రున లాగేశాడు. స్పాంజి ఊడబెరికాడు, సీసాలు తోసేశాడు, చెక్క ముక్క పీకేశాడు, రెండు పుల్లలూ మళ్లీ మూత కింద పెట్టాడు. చెవి మీద ఒకటి, మెడ మీద రెండు కుట్టాయి. కిమ్మనలేదు. పెట్టె వాకిట్లో గుప్పెడు ఈగలు చచ్చి పడున్నాయి. వాటి పక్కన, చెక్క అంచు మీద, ఒక్క చుక్క తేనె మెల్లిగా కిందికి సాగుతోంది. పోయిన సంవత్సరం కూడా ఇలాగే ఒక్క చుక్కతోనే మొదలైంది. డబ్బా నలభై రెండు చూపిస్తోంది.

ఇక మేం చెయ్యగలిగింది లేదు. మెట్ల గది నీడలో నిలబడి చూశాం.

బయట వేలాడుతున్న గుంపు ముందు సడలింది. అందులోంచి కొన్ని వాకిట్లోకి నడిచొచ్చి, వరుసగా కాళ్లు నేలకు ఆనించి, రెక్కలు ఆడించడం మొదలుపెట్టాయి. ఎగరడానికి కాదు. ఉన్నచోటే ఉండి విసురుతున్నాయి. రెక్కలు కనిపించడం లేదు, వాటి చోట పొగలాంటిది ఉందంతే. లోపల్నుంచి కూడా అదే మోత. ఒక వరుస వెనక ఇంకో వరుస ఉందన్నమాట. ఆ వెంటనే తొట్టికి బారు మొదలైంది. వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి, ఒకటికొకటి తగలడం లేదు. గులకరాళ్లు కనిపించకుండా కమ్మేశాయి. నా కళ్ల ముందే నీళ్లు ఒక వేలు దిగాయి. నేను పరుగెత్తి బిందె తెచ్చి పోశాను. మళ్లీ దిగాయి. మళ్లీ పోశాను. మా నాన్న ఆ మాట రెండుసార్లు ఎందుకు అడిగాడో అప్పుడు బుర్రకెక్కింది.

మా ఆయన జేబులోంచి కాగితం ముక్క తీశాడు. పెట్టె దగ్గరికి పోయి, చెయ్యి చాచి, వాకిలికి ఒక పక్కన పట్టుకున్నాడు. కాగితం బయటికి రెపరెపలాడింది. మెల్లిగా రెండో పక్కకు జరిపాడు. అక్కడ కాగితం లోపలి వైపుకు వంగింది. మళ్లీ ఇటు, మళ్లీ అటు. చిన్నపిల్లాడిలా నాలుగైదుసార్లు చేసి చూసుకున్నాడు. ఒకే వాకిలి, ఒక పక్క వేడిగాలి బయటికి, ఒక పక్క మంచిగాలి లోపలికి. పెద్ద పెద్ద భవనాల్లో దీనికోసం విడివిడిగా రేకు గొట్టాలు వేస్తామని, అవి వెయ్యడానికి తనకు నెల పడుతుందని వెనక్కొచ్చి నా చెవిలో గుసగుసగా చెప్పాడు. గుసగుస ఎందుకో నాకు తెలియదు. అక్కడ గట్టిగా మాట్లాడాలని నాకూ అనిపించలేదు.

అంకె దిగింది. నలభై ఒకటి, నలభై, ముప్పై తొమ్మిది. ముప్పై ఏడు. ముప్పై ఆరు. ముప్పై అయిదు దగ్గర ఆగింది. ఆగి, ఇక కదల్లేదు. డబ్బా పాడైందేమోనని మా ఆయన తట్టి చూశాడు. తీగ బయటికి లాగి ఎండలో పట్టుకుంటే నలభై ఆరు దాకా ఎగబాకింది. లోపల పెట్టాడు. ముప్పై అయిదు. వేలి గోరంత లేని ప్రాణులు. కరెంటు లేదు, గ్యాసు లేదు, నేర్పినవాడు లేడు. ఊళ్లో ఉన్న మిషన్లన్నీ చచ్చి పడున్న ఆ మధ్యాహ్నం, ఇంత చెక్క పెట్టెలో అవి తమ పిల్లలకు కావలసినంత వేడిని మాత్రం ఉంచుకుని, మిగతాదంతా తీసి బయట పారేస్తున్నాయి. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. దణ్ణం పెట్టాలనిపించింది. మా ఆయన వాచిన చెవి పట్టుకుని, నోరు తెరిచి అలాగే చూస్తున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు నిలిచాయి. కుట్టినందుకు కాదు.

కిందికెళ్లి మా నాన్నకు అంకె చెప్పాను. ఆయన తల ఊపాడే కాని నమ్మినట్టు లేదు. తలుపులు తెరిచి, తడిదుప్పటి కట్టిన కిటికీ దగ్గర కూర్చోబెట్టి అట్టముక్కతో విసిరాను. అప్పుడు గది చల్లబడింది. ఆ పూట ఫోన్ చేసిన వాళ్లందరికీ అదే చెప్పాను, గుడ్డ తడిపి కట్టండి, ఎదుటి తలుపు తెరవండి అని. మీరు ఏసీ వాళ్లేనా అని ఒకావిడ అనుమానంగా అడిగింది.

పొద్దుగూకి, గాలి కాస్త తగ్గాక, మా నాన్నను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాం. పై మెట్టు మీద గోడకు ఆనుకుని, నల్ల కళ్లద్దాలతో పెట్టె వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. చాలాసేపు విన్నాడు. మోత సమంగా ఉందన్నాడు. కొన్ని పోయాయి కానీ పట్టు నిలిచిందన్నాడు. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదన్నట్టు మా ఆయన తల వంచుకుని ఉన్నాడు.

పొద్దున అవి బయటికి వచ్చేస్తే లోపల ఉండలేక పారిపోతున్నాయని అనుకున్నాను అన్నాడు మా ఆయన, తప్పంతా అక్కడే జరిగిందన్నట్టు.

"పారిపోవడం కాదు," అన్నాడు మా నాన్న. "లోపల పిల్లలుంటాయి కదా. అన్నీ అక్కడే ఉంటే గాలి ఆడదు. అందుకని సగం బయటికొచ్చి వేలాడతాయి. లోపలివాళ్లకు చోటిచ్చి, అవి ఎండలో ఉంటాయి."

కరెంటు ఇంకా రాలేదు. వేలాడుతున్న ఈగలు ఒక్కొక్కటే లోపలికి నడుస్తున్నాయి.

"రేపెంతట?" అన్నాడు మా నాన్న.

ఫోన్ చూశాను. ఊరు ఇంకా ఎర్రగానే ఉంది. నలభై ఏడు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పకపోతే రేడియో చెబుతుంది. చెప్పాను.

మా నాన్న గోడ మీద చెయ్యి వేశాడు, లేవడానికన్నట్టు. అప్పుడు మా ఆయన తల ఎత్తాడు. ఫోన్ వంక చూడలేదు, చేతిలో డబ్బా వంక కూడా చూడలేదు. పెట్టె వంకే చూస్తున్నాడు.

"ముప్పై అయిదు, మామయ్యా," అన్నాడు. "నేను నీళ్లు పోస్తూ ఉంటాను. ఇంకేమీ చెయ్యను."

మా నాన్న గోడ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక్కి వాలాడు. డాబా మీద ఈగల మోత తప్ప ఏమీ వినిపించడం లేదు. కాసేపటికి ఇంకో చిన్న మోత వినిపించింది. ఏమిటా అని చూస్తే, మా నాన్న గురక.

మా ఆయన చప్పుడు కాకుండా లేచి, బిందె తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లాడు.